ఆకాశంలో పొగ ఎవరి పద్దు? బ్రిటన్ కర్బన బడ్జెట్లలో విమాన, నౌకా ఉద్గారాలు

సారాంశం

అంతర్జాతీయ విమానాలు, ఓడలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఏ దేశం పద్దులో రాయాలి? బ్రిటన్ 2008 వాతావరణ మార్పు చట్టం ఈ ప్రశ్నను ముందు వాయిదా వేసింది. ఆ తర్వాత ప్రభుత్వం దాన్ని ఎదుర్కోక తప్పలేదు. ఆ క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పద్దులో చేర్చడం తొలి మెట్టు మాత్రమేననీ, ప్రయాణాల పెరుగుదలకు హద్దు గీయకపోతే ఉద్గారాలు తగ్గవనీ ఇందులోని వాదన.

1. లెక్క తేలని పొగ

లండన్ హీత్రో నుంచి హైదరాబాద్ బయలుదేరే విమానాన్నే తీసుకుందాం. దాని రెక్కల్లోని ట్యాంకుల్లో నింపిన కిరోసిన్ ఒక టన్ను మండితే సుమారు 3.16 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది కనుక బరువు అంతగా పెరుగుతుంది. ఇంధనం నింపిన చోటును బట్టి లెక్క కడితే హైదరాబాద్ వచ్చేటప్పటి పొగ బ్రిటన్‌ది, తిరుగు ప్రయాణంలోది భారత్‌ది. కానీ ఐక్యరాజ్యసమితికి దేశాలు పంపే నివేదికల్లో ఈ అంకె జాతీయ మొత్తంలో కలవదు, విడిగా నమోదవుతుంది. దీన్ని తగ్గించే పనిని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంతర్జాతీయ సముద్రయాన సంస్థల ద్వారా సాగించాలని 1997 నాటి క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకు చెప్పింది.

2. చట్టంలో వదిలిన ఖాళీ

బ్రిటన్ చట్టంలోని 30వ సెక్షన్ కూడా ఈ ఉద్గారాలను కర్బన బడ్జెట్లకు, అంటే ఐదేళ్ల కాలానికి దేశం పెట్టుకునే ఉద్గారాల పరిమితులకు, వెలుపలే ఉంచింది. అయితే 2012 చివరికల్లా వాటిని చేర్చాలి, లేదా ఎందుకు చేర్చలేదో పార్లమెంటుకు చెప్పాలి అని గడువు పెట్టింది. ప్రభుత్వం ఆ ఏడాది నిర్ణయాన్ని వాయిదా వేసింది. దాంతో తొలి ఐదు బడ్జెట్లలో వీటికోసం కొంత చోటు మాత్రం వదిలిపెట్టారు. అంటే పొగ ఉందని ఒప్పుకున్నారు, బాధ్యత తీసుకోలేదు. 2033–37 కాలానికి వర్తించే ఆరో బడ్జెట్‌లో చేరుస్తామని 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు.

3. పద్దు నుంచి తగ్గింపు దాకా

2025 నుంచి బ్రిటన్‌లో విమాన ఇంధనంలో 2 శాతం సుస్థిర ఇంధనం ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అది 2030కి 10, 2040కి 22 శాతం కావాలి. ఇది మేలైన అడుగే. కానీ ఈ ఇంధనం మండినా ఇంజిన్ నుంచి దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆదా అంతా ముడిసరుకు ఎక్కడిది, తయారీ ఎలా జరిగింది అన్నదానిలోనే ఉంది. ఆ ముడిసరుకుల్లో ఒకటైన వాడేసిన వంటనూనె ప్రపంచంలో ఉన్నదే కొంత.

అసలు చిక్కు ప్రయాణాల సంఖ్యలో ఉంది. 2018తో పోలిస్తే 2050 నాటికి పెరుగుదల 25 శాతం దాటని మార్గాన్ని ప్రభుత్వానికి సలహా ఇచ్చే వాతావరణ మార్పు కమిటీ 2020లో సూచించింది. ప్రభుత్వం 2022లో ప్రకటించిన ‘జెట్ జీరో’ విమానయాన వ్యూహం మాత్రం సుమారు 70 శాతం పెరుగుదలను లెక్కలోకి తీసుకుంది. 2025 జనవరిలో హీత్రో మూడో రన్‌వేకు ప్రభుత్వమే మద్దతు పలికింది.

4. ముగింపు

ఇంధనం మీద నియమం, రన్‌వే మీద ప్రోత్సాహం రెండూ ఒకే ప్రభుత్వం చేతి నుంచి వస్తున్నాయి. మొదటిది మిగిల్చినదాన్ని రెండోది మింగేయగలదు. అందుకే ప్రతి రన్‌వే అనుమతినీ కర్బన బడ్జెట్‌కు చట్టబద్ధంగా ముడిపెట్టాలి. విస్తరణ వల్ల వచ్చే అదనపు ఉద్గారాలను ఎక్కడ తగ్గిస్తారో అనుమతికి ముందే చూపించాలి. ఆరో బడ్జెట్ 2033లో మొదలవుతుంది. ఈలోగా హీత్రోలో నింపిన ప్రతి టన్ను కిరోసిన్ వదిలిన వాయువులో చాలా భాగం అప్పటికీ గాలిలోనే ఉంటుంది.