కార్తెలూ, కరువులూ



చలిదేశాల సేద్యాన్ని గురించి విన్నప్పుడు ఒక సంగతి మనకు వింతగా తోస్తుంది. ఇంగ్లండులో వాన నెలనెలా ఎంతో కొంత పడుతూనే ఉంటుంది. అక్కడి రైతుకు వానకంటె మంచు బెంగ ఎక్కువ. మంచు ఎప్పుడు విడుస్తుందా, నేల ఎప్పుడు వెచ్చబడుతుందా అని చూచి విత్తుతాడు. వాళ్ల నాలుగు ఋతువులూ వేడి, చలి చేసిన ఋతువులు. మరి మన త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు సీమలో వేడికేం కొదవ? ఇక్కడ ఋతువును చేసేది నీరు.

పంచాంగంలో ఆరు ఋతువుల పేర్లున్నా సేద్యగాడి లెక్క మాత్రం కార్తెలే. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో 13, 14 రోజులుంటాడు. అట్లా ఏడాదికి 27 కార్తెలు. రోహిణిలో ఎండలు, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర, అక్కడినుంచి తొలకరి. పెద్దలు ఎన్నో తరాలు చూచి కట్టిన లెక్క ఇది. దీన్ని మూఢనమ్మకమని కొట్టివేయడం తెలివిగాదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. కార్తె నక్షత్రాన్ని పట్టుకొని నడుస్తుంది. ఎండా వానా అయనాన్ని పట్టుకొని నడుస్తాయి. ఈ రెంటికీ ఏటా 20 నిమిషాల తేడా. సుమారు 70 ఏళ్లకు ఒక రోజు. కంభం చెరువు కట్టిననాటికీ ఇప్పటికీ దాదాపు ఒక వారం. వరాహమిహిరుడి నాటినుంచి లెక్కిస్తే మూడు వారాలు! అంటే ఆనాటి మృగశిర ఇప్పటి లెక్కకు మే నడిమిలో వచ్చేదన్నమాట. కార్తె పేరు మారలేదు గాని దాని కింద ఉన్న కాలం కొంచెం కొంచెంగా జరిగింది. కనుక కార్తె అదను చెబుతుంది, నిజమే. పదును చెప్పవలసింది మాత్రం నేలే.

మన సీమకు వాన రెండు దిక్కులనుంచి వస్తుంది, రెండువైపులా మిగులే వస్తుంది. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గర చాలావరకు కురిసి వస్తుంది. ఈశాన్యపు వాన కోస్తాలో కురిసి, తరువాత మనవైపు చూస్తుంది. అందుచేతనే పూర్వులు పడ్డ నీటిని పట్టి ఉంచే ఉపాయం వెదికారు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కంభం చెరువు కట్టారు. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. కట్ట ఎత్తు 57 అడుగులు. 430 చదరపు మైళ్ల నీరు దానిలోకి దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దానికింద 10 వేల పైచిలుకు ఎకరాలు పారేది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కాని చెరువుకూ వాన రావాలి గదా!

1876లో అది రాలేదు. ముందర వానా తప్పింది, వెనక వానా తప్పింది. అది ధాత సంవత్సరం. 1877లో తొలకరి మళ్లీ మోసం చేసింది. సెప్టెంబరు వచ్చేదాకా నేల తడవలేదు. ధాత కరువంటే ఇదే. మార్కాపురం, కంభం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా జనాభా 1871లో 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరికి పైగా లెక్కలోంచి పోయారు. కరువు పనుల్లో మగమనిషికి రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు టెంపుల్ దొర. ఈ తిండితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించిన తరువాతే అది పెరిగింది. వాన తప్పడం ప్రకృతి పనే. కూలి కోయడం మనుషుల పని.

భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో, కరువుకు ఒక్క ఏడాది ముందు. ఆ తరువాత హిమాలయాల మంచు చూచి వానను అంచనా కట్టాలని బ్లాన్‌ఫర్డ్ ప్రయత్నించాడు. ఎక్కడో పెరూ దేశం పక్కనున్న పసిఫిక్ సముద్రం వేడెక్కితే మనకు వాన తగ్గవచ్చునని ఇప్పుడు తెలుసు. 1877లో ఆ సముద్రం అట్లాగే వేడెక్కింది. తగ్గవచ్చును అన్నానే గాని తప్పక తగ్గుతుందనలేదు. అట్లా వేడెక్కిన ఏళ్లలో మంచి వానలు పడ్డవీ ఉన్నాయి.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత మనవాళ్లందరికీ తెలిసిందే. సెప్టెంబరు నడిమిలో వచ్చే ఉత్తర కార్తెలో వాన లేకపోతే ఊరు విడవమని అర్థం. ఇప్పటికీ పంట పోయిన ఏడు గుంటూరువైపు మిరపకోతలకూ, హైదరాబాదు కూలిపనులకూ మన ఊళ్లనుంచి జనం పోతూనే ఉన్నారు. ఉత్తర దాకా ఆగకుండా పుష్యమి, ఆశ్లేషల్లోనే ఆలోచించుకోవడం మంచిది.

మృగశిర వచ్చిందని పొడిదుక్కిలో పత్తిగింజ పెట్టవద్దు. తేలిక నేలలో 50, 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 దాకా వాన పడి పదునైన తరువాతే పెట్టండి. విస్తరణోద్యోగులు ఊరూరా వానకొలతను కార్తెల వరుసన పుస్తకంలో రాసి ఉంచితే, పది పన్నెండేళ్లకు ఆ ఊరి అదను ఆ ఊరికే తెలుస్తుంది. తొలకరి తప్పితే 80, 90 రోజుల కొర్ర ఉండనే ఉంది. కంది ఆగస్టులో కూడా విత్తవచ్చు. కంది పొద్దును పట్టి పూసే పైరు. రాత్రి పొడుగయ్యేసరికి, ఆలస్యంగా వేసినదైనా, ఎదుగుదల ఆపి పూతకు వస్తుంది. మొక్క పొట్టిగా ఉంటుంది గనుక సాళ్లు దగ్గర చేసి, విత్తనం కొంచెం ఎక్కువ వేసుకోండి.