బాలాథల్ కుష్ఠురోగి

శాసనాలలో రాజుల దానాలు కనబడతాయి గాని రోగుల బాధ కనబడదు. దానికి ఎముకలే ఆధారం. రాజస్థాన్‌లో ఉదయపూర్ సమీపాన, బాలాథల్ తవ్వకాలలో దొరికిన ఒక నడివయసు పురుషుని అస్థిపంజరం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. సుమారు 4000 ఏళ్ల నాటిది. అతనికి కుష్ఠు ఉండేదని గ్వెన్ రాబిన్స్ బృందం 2009లో ప్రకటించింది.

కుష్ఠు ప్రధానంగా చర్మాన్నీ నరాలనూ పట్టే వ్యాధి. ముదిరితేనే ఎముకను తాకుతుంది. ఇతని ముక్కు రంధ్రపు అంచులు అరిగిపోయాయి, పైదవడ క్షీణించింది, రెండు కాళ్ల పిక్క ఎముకల మీదా వాపు జాడలున్నాయి. కొన్ని పళ్లు బ్రతికుండగానే ఊడాయి. అటువంటి చోట దవడ గుంత పూడుకుపోతుంది, చచ్చాక రాలిన పన్నైతే గుంత అలాగే మిగులుతుంది. ఇంత ముదరడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ అతనికి ఎవరో ఇంత ముద్ద పెట్టి ఉంటారనే నా ఊహ.

పూడ్చినది రాతి ప్రాకారం లోపల, కాలిన ఆవుపేడ బూడిద పొరలలో. కుష్ఠురోగులను దహనం చేయక పూడ్చే తర్వాతి కాలపు ఆచారానికి ఇది తొలి రూపం కావచ్చునని పరిశోధకుల సూచన. నాకంత సులువుగా మింగుడుపడలేదు. మనవైపు సన్యాసినీ, పసిబిడ్డనూ కూడా పూడుస్తారు, అది వెలి కాదు గదా! పైగా, వెలివేసినవాణ్ణి ప్రాకారం లోపలికి ఎందుకు తెస్తారు?