గాలి మలుపు చదివిన రోజు

మెరుపు మెరిశాక ఉరుము వినబడేదాకా అంకెలు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పడం చిన్నప్పుడు మాకొక ఆట. దూరం తెలిసేది గానీ, ఆ మబ్బు కడుపులో ఏం జరుగుతోందో తెలిసేది కాదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వాతావరణ పరిశీలనకు దిగిన రాడార్ల స్థితీ చాలాకాలం దాదాపు ఇంతే. వాన ఎక్కడ ఉందో, ఎంత దట్టంగా ఉందో చూపేవి. లోపలి గాలి వేగాన్ని నేరుగా చెప్పలేకపోయేవి.

ఆ లోటు తీరిన కథలో నాకు ముఖ్యంగా తోచే తేదీ 1973 మే 24. ఆనాడు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, యూనియన్ సిటీ అనే చిన్న ఊరిని టోర్నడో ధ్వంసం చేసింది. ఇద్దరు మరణించారు. నార్మన్‌లోని జాతీయ తీవ్ర తుఫానుల ప్రయోగశాల వారి డాప్లర్ రాడార్ ఆ ఉరుముల మేఘాన్ని మొదటినుంచీ గమనిస్తూనే ఉంది. మరొక బృందం దగ్గరకు వెళ్ళి టోర్నడోను ఫిల్ము తీసింది.

1842లో డాప్లర్ చెప్పిన సూత్రమే ఈ రాడార్‌కు ఆధారం. వానచినుకులు తనవైపు వస్తున్నాయా, దూరమవుతున్నాయా అన్నది తిరిగివచ్చిన తరంగంలోని మార్పును బట్టి అది కొలుస్తుంది. అడ్డంగా పోయే గాలి దానికి కనబడదు. అయితే గాలి సుడి తిరుగుతుంటే ఒక పక్క దగ్గరవుతుంది, మరో పక్క దూరమవుతుంది. ఈ రెండూ పక్కపక్కనే కనబడితే అక్కడ సుడి ఉన్నట్టే.

తరువాత రాడార్ కొలతలను ఫిల్ముతో సరిపోల్చి చూసిన బ్రౌన్, లెమన్, బర్జెస్ అనే పరిశోధకులకు ఒక విశేషం దొరికింది. పక్కపక్క కిరణాల మధ్య వేగం ఒక్కసారిగా తలకిందులయ్యే గుర్తు మేఘం నడుమ ఎత్తులో పుట్టి, క్రమంగా కిందికి దిగింది. టోర్నడో నేలను తాకకముందే అది అక్కడ ఉంది! 1978లో వారి వ్యాసం వెలువడింది. 1977-79 మధ్య జరిగిన ప్రయోగాలలో, డాప్లర్ సాయంతో సుమారు 20 నిమిషాల ముందే హెచ్చరించవచ్చని తేలింది. 1990లలో అమెరికా అంతటా ఆ రాడార్లు వెలిశాయి. మనదేశంలో 2002లో చెన్నైలోనూ, తరువాత మచిలీపట్నంలోనూ నెలకొన్నాయి.

నన్ను కలవరపెట్టేది ఒకటే. ఆ గుర్తు ఆనాటి కొలతల్లోనే ఉంది. దానిని చదివే భాష మాత్రం ఇంకా పుట్టలేదు. యంత్రం చూసినంత మాత్రాన మనిషికి తెలిసినట్టు కాదు. ఇరవై నిమిషాలంటే, పసిపిల్లను ఎత్తుకుని, ముసలితల్లి చేయి పట్టుకుని, పదిలమైన చోటికి చేరగలిగే వ్యవధి.