క్రీట్ ప్రజలు కొనుక్కున్న ఓడ

పోయిన నెల పాంబన్ వంతెన గురించి రాసినప్పుడు, దీవులకు పోయే ఓడల సంగతి కూడా రాయమని నలుగురైదుగురు అడిగారు. ఓడలంటే ముందు గ్రీసు దేశాన్నే చెప్పాలి. మనుషులు కాపురముండే దీవులే అక్కడ రెండు వందలకు పైగా ఉన్నాయి. మనకు పాసింజర్ రైలు ఎట్లాగో వాళ్ళకు ఫెర్రీ అట్లాగ. పెళ్ళికి పోవాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా, లారీలో సరుకు పంపాలన్నా ఓడే దిక్కు. 1856లోనే సిరోస్ అనే చిన్న దీవిలో ఆవిరి ఓడల కంపెనీ పెట్టుకున్నారు. ఆ కథంతా చెప్పబోతే తెల్లారిపోతుంది. అందుకని క్రీట్ దీవి కథ ఒక్కటి చెప్తాం. మన సంఘం వాళ్ళు వినవలసిన కథ అది.

గ్రీసు దీవుల్లో అన్నిటికంటే పెద్దది క్రీట్. దాని పడమటి వైపు ఖానియా పట్నం, పక్కనే సూదా రేవు. రాత్రి అక్కడ ఓడ ఎక్కితే తెల్లవారేసరికి ఏథెన్స్ రేవు పిరేయస్‌లో దిగుతారు. 1960ల్లో ఈ దారిలో టిపాల్డోస్ అనే పెద్ద కంపెనీ ఓడలు నడిపేది. అందులో ఒకదాని పేరు హెరాక్లియన్.

ఆ ఓడకు మన వైపు సంబంధం ఒకటి ఉంది. 1949లో గ్లాస్గోలో కట్టినప్పుడు దాని పేరు లెస్టర్‌షైర్. ఇంగ్లండు నుంచి బర్మాకు, అంటే మన పెద్దలు రంగం అని పిలిచిన రంగూన్‌కు, సరుకునూ కొద్దిమంది దొరలనూ మోసేది. మనవాళ్ళు డెక్కు మీద కూర్చుని రంగం పోయిన ఓడలు వేరు, ఇది వేరు. ముసలిదైన ఈ ఓడను 1964లో టిపాల్డోస్ వాళ్ళు కొన్నారు. పక్కలు కోసి తలుపులు పెట్టి, లోపల లారీలు నిలిపే చోటు చేశారు.

1966 డిసెంబరు 7 రాత్రి అది సూదా నుంచి బయలుదేరింది. సముద్రం మీద పెనుగాలి. లోపల ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీ లారీని సరిగా కట్టలేదు. ఓడ ఊగిన ఊపుకు లారీ కదిలి, పక్క తలుపును గుద్ది గుద్ది ఊడగొట్టింది. నీళ్ళు లోపలికి వచ్చాయి. అర్ధరాత్రి దాటాక, ఫాల్కొనేరా అనే రాతి దిబ్బ దగ్గర ఓడ మునిగిపోయింది. రెండు వందలకు పైగా జనం పోయారు. బతికి బయటపడ్డవాళ్ళు యాభై మంది కూడా లేరు.

మేము గూడ్స్ ఆఫీసులో పనిచేసినవాళ్ళం. లోడు కట్టని వ్యాగన్‌ను యార్డు దాటనిస్తే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. అప్పటికి రెండేళ్ళ ముందే, 1964 డిసెంబరులో, ధనుష్కోటి పోయే పాసింజర్‌ను తుపాను అలలు మింగేశాయి. ఇప్పుడు పాంబన్ దగ్గర గాలి వేగం హద్దు దాటితే రైలుకు సిగ్నల్ పడదు. గ్రీసులో కూడా గాలి మితిమీరితే రేవు పోలీసులు ఓడను కదలనివ్వరు. టూరిస్టులు దానికి విసుక్కుంటారు. ఆ దీవుల వాళ్ళు మాత్రం కిక్కురుమనరు.

విచారణ జరిగింది. టిపాల్డోస్ ఓడల్లో చాలావాటికి సముద్రం మీద నడిచే యోగ్యతే లేదని తేలింది. యజమానికి జైలు పడింది, కంపెనీ మూతపడింది. ఇంతవరకు ఎక్కడైనా జరిగేదే. అసలు సంగతి తరువాతది.

ఖానియా వాళ్ళు ఇంకొక షావుకారు వస్తాడని ఎదురుచూడలేదు. తమ ఓడ తామే కొనుక్కోవాలనుకున్నారు. ఈ పనిలో ముందు నిలిచినవాళ్ళలో ఇరినేయోస్ అనే బిషప్పు ఒకరు. ఆయన కిస్సమోస్, సెలినో ప్రాంతాల చర్చికి పెద్ద. 1967లో ఆనెక్ అనే కంపెనీ పెట్టి, చిన్న చిన్న షేర్లుగా మామూలు జనానికి అమ్మారు. అదే ఏడు ఆ దేశంలో సైనికులు ప్రభుత్వాన్ని లాక్కున్నారు. పదిమంది గుమిగూడితేనే అనుమానంగా చూసే కాలం అది. అయినా పని ఆగలేదు. ఒక ఆయిల్ ట్యాంకర్‌ను మార్చి ప్రయాణికుల ఓడగా చేశారు. 1970లో అది నడిచింది. ఖానియా పాత పేరు కిడోనియా. ఆ ఊరిని కట్టాడని పురాణం చెప్పే రాజు పేరే, కిడోన్ అని, ఓడకు పెట్టుకున్నారు. రెండేళ్ళకు ఆ దీవిలోనే హెరాక్లియన్ పట్నం వాళ్ళు కూడా ఇదే మాదిరి మినోవన్ లైన్స్ పెట్టారు. తమ్ముడు అన్నను చూసి నేర్చుకున్నట్టు.

మన కల్యాణ మండపానికి ఒక్క పెద్ద దాత దొరికితే చాలు, ఈ వందా రెండు వందల చందాలు ఎందుకని కొందరు అంటున్నారు. కిడోన్ ఎక్కిన ముసలామె ఎవరైనా, డెక్కు మురికిగా ఉంటే కెప్టెన్‌ను పిలిచి అడిగి ఉంటుంది కదా. షేరు ఆమెది. ఒక్క దాత కట్టించిన చోట ఎవరు అడుగుతారు?

ఆనెక్ కథ చివరిదాకా తియ్యగా లేదు, అది కూడా చెప్పాలి. తరువాత ఇటలీకి పెద్ద ఓడలు వేశారు, షేర్ మార్కెట్టుకు వెళ్ళారు, అప్పులు పెరిగాయి. దేశం ఆర్థికంగా కుదేలైనప్పుడు ఇంకా నలిగారు. 2023లో ఆటికా అనే పెద్ద గ్రూపులో కలిసిపోయింది. ప్రజల కంపెనీ కాబట్టి చెడిందని అనేవాళ్ళు ఉంటారు. మేము ఒప్పుకోం. యాభై ఏళ్ళకు పైగా ఒక దీవి జనం తమ ఓడను నిలబెట్టుకున్నారు. ఎంతమంది షావుకార్ల కంపెనీలు అన్నేళ్ళు ఉన్నాయో లెక్క వేయండి.

వచ్చే నెల రామేశ్వరం నుంచి తలైమన్నార్ పోయే స్టీమరు, దానికి కలిసే బోట్ మెయిల్ గురించి రాస్తాం. రంగం పోయివచ్చిన కుటుంబాల్లో ఎవరి పెట్టెలోనైనా పాత ఓడ టికెట్టు ఉంటే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. చేతిరాత చదవలేకపోయినా పరవాలేదు, మేము చూసి చెప్తాం.