విత్తనపు వంశచరిత్ర

వంశచరిత్రలను జ్ఞాపకముంచుకొనుట మనకు క్రొత్త గాదు. గోత్రమును, ఇంటిపేరును, తరతరములవారి పేరులను తడుముకొనకుండ చెప్పగలవారు ప్రతి గ్రామమునందును ఒకరిద్దరుందురు. అయితే మనము దినదినమును భుజించు అన్నము ఏ విత్తనమునుండి వచ్చినది, ఆ విత్తనమునకు తల్లి యేది, అవ్వ యేది యని యడిగినచో చెప్పువారు మిక్కిలి అరుదు. నేడు అట్టి వంశచరిత్ర యొకదానిని మీకు మనవి చేయదలచితిని.

పూర్వము విత్తనమనగా అంగడిలో కొను సరకు గాదు. కోతకు ముందే రైతు తన చేనిలో తిరిగి, బలమైన వెన్నులను ఏరి, వానిని వేరుగా నూర్చెడివాడు. ఇంటి స్త్రీలు ఆ గింజలను బాగుగా ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, కుండలలోను, సొరబుర్రలలోను, బుట్టలలోను నిలువచేసి, మూతికి మట్టియు పేడయు మెత్తెడివారు. ఇంటిలో గింజలు తక్కువైనను విత్తనపు కుండ విప్పుటకు వారికి చేయి వచ్చెడిది కాదు. విత్తనము చాలనివాడు పొరుగువానియొద్ద నాగునకు తెచ్చుకొని, పంట యింటికి రాగానే కొంత యెక్కువ కొలిచి యిచ్చెడివాడు. ఈ విధముగా ఒక యూరి విత్తనము పది యూళ్లకు ప్రాకెడిది. ఒకరి యింట నశించినను మరియొకరి యింట దొరకెడిది. మొలగొలుకులు, కృష్ణకాటుకలు, అక్కుళ్లు, బంగారుతీగ మున్నగు రకములన్నియు ఇట్లు చేతులు మారుచు వచ్చినవే.

అట్టి రకములలో కొనామణి యొకటి. అది ఆంధ్రప్రాంతపు వరి. 1912వ సంవత్సరమున కోయంబత్తూరునందు వరి పరిశోధనాలయము స్థాపింపబడెను. అప్పుడు మన కోస్తా జిల్లాలును తమిళ జిల్లాలును ఒకే మద్రాసు రాజధానిలో నుండెడివి. కొనామణి వరిలో, తక్కిన మొక్కలకు భిన్నమైన మొక్క యొకటి దానంతట అదియే పుట్టగా, అచటి శాస్త్రజ్ఞులు దానిని విడదీసి పెంచి, 1921లో రైతులకిచ్చిరి. ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుని ఉద్యోగనామములోని ఆంగ్లాక్షరములను బట్టి దానికి జీ.ఇ.బి. 24 అని పేరు వచ్చినది. తమిళ దేశమున దానిని కిచ్చిలి సాంబ యనిరి. గింజ సన్నము, అన్నము రుచికరము. కావున అది యెల్లెడల ప్రసిద్ధి కెక్కెను.

తరువాత కాలము మారినది. 1965, 1966 సంవత్సరములలో అనావృష్టిచే దేశమునకు ఆహారము చాలక, అమెరికానుండి ఓడలపై గోధుమలు తెప్పించుకొనవలసి వచ్చెను. మన పాత వరులు ఎత్తుగా పెరుగునవి. ఎరువు ఎక్కువ వేసినచో వెన్ను బరువునకు నిలువలేక పడిపోవునవి. పొట్టి మొక్క యైనచో ఎరువునకు తట్టుకొని నిలుచును. అందుచే తైవానునుండియు, ఫిలిప్పైన్సునుండియు పొట్టి రకములు వచ్చి మన పొలముల నాక్రమించెను. ఆ రకములు అనేకుల ఆకలి తీర్చినవని మనము కృతజ్ఞతతో ఒప్పుకొనవలెను. కాని పంట పెరిగినంతగా అన్నపు రుచి పెరుగలేదు. పాత రకములు మాత్రము ఒక్కొక్కటిగా పొలము విడిచిపోయెను.

అప్పుడు బాపట్ల శాస్త్రజ్ఞులు పాత కిచ్చిలి సాంబను తైవాను పొట్టివరితో కలిపి, ఆ సంతతిని మలయా దేశమున పుట్టిన మసూరితో మరల కలిపిరి. 1986లో వెలువడిన బీపీటీ 5204 ఇదియే. సాంబ మసూరి యని మీరెరిగినదియు నిదియే. కిచ్చిలి సాంబ దీనికి అవ్వ. ఆ యవ్వకు తల్లి మన కొనామణి. నేడు మనము సన్నబియ్యమని యిష్టపడి తిను అన్నములో, పేరు మరచిపోయిన ఆ పాత ఆంధ్ర వరి యొక్క రక్తము కలదు.

కథ ఇంతటితో ముగియలేదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదునందలి శాస్త్రజ్ఞులు ఆ తెగులును తట్టుకొను గుణములను మూడింటిని చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసిరి. ఆ మూడింటిలో నొకటి ఆఫ్రికాఖండమందలి మాలి దేశపు అడవివరినుండి వచ్చినది! తినుటకు పనికిరాని గడ్డి యని దానిని ఎవ్వరును దాచకుండినచో మనకా సహాయము లభించెడిదా? ఏ గింజ యెప్పుడు అక్కరకు వచ్చునో ముందుగా చెప్పజాలిన వాడు లేడు. కావున క్రొత్త విత్తనమునకును పాత విత్తనమునకును వైరము లేదు. పాతది లేక క్రొత్తది పుట్టదు.

ఈ సంగతి నెరిగి ప్రాణములిచ్చినవారు గలరు. రష్యాలో వావిలోవ్ అను పండితుడు దేశదేశముల విత్తనములను సేకరించి లెనిన్‌గ్రాడు నగరమున భద్రపరచెను. 1941 సెప్టెంబరునుండి 1944 జనవరివరకు శత్రుసేనలు ఆ నగరమును ముట్టడింపగా, ఆ విత్తనశాలలోని ఉద్యోగులు కొందరు గింజలమధ్య కూర్చుండియు వానిని తినక ఆకలిచే మరణించిరి. అందు వరివిత్తనముల సంరక్షకుడు నొకడు. వావిలోవ్ తన ప్రభుత్వముచేతనే చెరబెట్టబడి, 1943లో కారాగారమునందే కన్నుమూసెను.

మన దేశమునను 1976లో ఢిల్లీయందు వృక్షజన్యు వనరుల జాతీయ సంస్థ యేర్పడినది. అచటి చలిగదులలో లక్షలకొలది నమూనాలు భద్రముగా నున్నవి. అయినను చలిగదిలోని గింజ ప్రాణముతో నుండునే గాని, ఏటేట మారు వానలను, తెగుళ్లను చూడదు. అది యే చెలకకు తగునో, ఏ కార్తెలో విత్తవలెనో, ఏ వంటకు రుచియో ఆ గదికి తెలియదు. అది మీకు తెలియును.

చేలలో విత్తనమును కాపాడినవారి దృష్టాంతము మన తెలుగునాటనే కలదు. జహీరాబాదు ప్రాంతపు ఎర్రనేలలలో, 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు జొన్న, కొర్ర, సామ, కంది మొదలగు పాత పంటల విత్తనములను ఇండ్లలో నిలువచేసి, అడిగినవారికి నాగునకిచ్చి, పంట పండిన తరువాత విత్తనమునే మరల తీసికొనుచు వచ్చిరి. వీరిలో పెక్కుమంది చదువురాని పేదస్త్రీలు, కొద్దిపాటి భూమి గలవారు. సంక్రాంతి దినములలో బండ్లు అలంకరించి, విత్తనములతో ఊరూర జాతర జరిపిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

2001వ సంవత్సరపు చట్టము రైతునకు తన విత్తనమును దాచుకొనుటకును, విత్తుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును, అమ్ముటకును హక్కు కలదని చెప్పుచున్నది. రక్షణ పొందిన రకమును కంపెనీ ముద్రతో సంచి కట్టి అమ్మరాదను నిబంధన మాత్రము కలదు. హక్కున్నది, కాని యింటిలో విత్తనము లేనివానికి ఆ హక్కు వలన ప్రయోజనమేమి?

పెద్దలారా, మీ బాల్యమునందు మీ యూర పండిన రకముల పేరులను, వాని గుణములను ఒక పుస్తకమున వ్రాయించుడు. ఏ యవ్వ యింటి అటకమీదనైన పాత గింజ మిగిలియున్నచో, ఒక్క మడి యైనను దానికి విడువుడు. విత్తనమునకు ఆయువు కొద్ది సంవత్సరములే, విత్తనిచో చచ్చును. పేరు తెలిసినవారు పోయిన పిమ్మట గింజ దొరకినను దానిని గుర్తించువారుండరు. వంశము నిలుపు భారము పెద్దలదే గదా!