తప్పెట దారి – 9: గద్దరన్న ఆట చూడ్డానికి పోయినోళ్లం

పోయిన భాగం చదివి ఒక ఇంజనీరింగ్ తమ్ముడు అడిగినాడు. "అన్నా, అమెరికాలో కిస్ అని ఒక రాక్ బృందం ఉంది. ముఖానికి రంగులు పూసుకుని, నోట్లోంచి మంటలు ఊది యాభై ఏండ్లు ఆడినారు. తాతా మనవడూ కలిసి పోయి చూస్తారు. మనోళ్లకు అట్లాంటి కచేరీ ఏదన్నా ఉండిందా?"

ఉండింది తమ్ముడూ. కాలం కూడా దాదాపు అదే. కిస్ 1973లో న్యూయార్క్‌లో మొదలైంది. ఇంచుమించు అప్పుడే హైదరాబాదులో బి. నర్సింగరావు వాళ్ల ఆర్ట్ లవర్స్ బృందం చుట్టూ చేరిన పిల్లల్లోంచి జననాట్యమండలి పుట్టింది. అందులో తూప్రాన్ నుంచి వచ్చిన దళితుల పిల్లవాడు ఒకడు ఉండె. పేరు గుమ్మడి విఠల్. బుర్రకథతో మొదలుపెట్టినాడు. 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1984లో ఆ ఉద్యోగం వదిలేసినాడు. బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన గదర్ పార్టీ పేరే ఆయన పేరైంది.

చరిత్ర పుస్తకాలు ఆయన సభలను "బహిరంగ సభ" అని రాస్తాయి. ఎవరెవరు మాట్లాడినారు, ఏ తీర్మానం చేసినారు అనేది ఉంటుంది. మేం పోయింది తీర్మానాల కోసం కాదు, ఆట కోసం. ఆ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

ఒంటి మీద చొక్కా ఉండదు. భుజాన గొంగడి, మా సీమలో కంబళి అంటాం. మోకాళ్ల పైకి కట్టిన పంచె, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర. వెనక కోరస్, పక్కన డోలక్, డప్పు. పాట ఎత్తుకుంటాడు, సగంలో ఆపుతాడు, జనాన్ని ఒక ప్రశ్న అడుగుతాడు, జవాబు వచ్చేదాకా నిలబడతాడు. అదే కంబళి నెత్తిన కప్పుకుంటే కొడుకును పోగొట్టుకున్న ముసలితల్లి అవుతాడు. దులిపి భుజాన వేసుకుంటే దొర. బుర్రకథ, ఒగ్గుకథ, వీధి భాగోతం చూసి పెరిగినోళ్లకు ఇదంతా తెలిసిన విద్యే. తెలిసిందే కాబట్టి గొంతు పట్టుకునింది.

ఇక్కడ తప్పెట గురించి ఒక మాట. మా పల్లెల్లో తప్పెట కొట్టడం కళ కాదు, కులం పని. పీనుగ ముందర కొట్టాల. జాతరలో కొట్టాల. ఊర్లో చాటింపు వేయాల. కూలి అడిగితే తిట్లు. ఆ తప్పెటను అంతమంది ముందర, మైకు దగ్గర, మధ్యలో నిలబెట్టి, అది మోగంగానే వేలమంది లేచి ఈలలు వేసింది మేం మొదట చూసింది ఆ ఆటలోనే. మా నాయన తరం వాళ్లు దాన్ని చూసి ముందు సిగ్గుపడినారు, తరువాత నవ్వినారు, తరువాత ఏడ్చినారు.

మాది శ్రీశైలం పక్కన సున్నిపెంట. ఈ కొండకు ఆటలు కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి కొండెక్కే జనాన్ని వర్ణిస్తూ నాటకాలు, బొమ్మలాటలు, గడల మీద ఆటలు అన్నీ చెప్పినాడు. అంటే ఏడు వందల ఏండ్ల కిందటే ఇక్కడ పందిట్లో ఆటగాళ్లు, కింద అభిమానులు. అయితే అక్కడ ఆట దేవుని కోసం. మా కోసం ఆడే ఆట కోసం మేం చానా కాలం ఆగాల్సి వచ్చింది.

ఆ కాలంలోనే డ్యామ్ వచ్చింది. 1963లో పునాదిరాయి. 1981లో నీళ్లు నింపేముందు ఊర్లు ఖాళీ చేయించినారు. కృష్ణకు రెండువైపులా, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, వందకు పైగా ఊర్లు పోయినాయి. ఆ పనికి సర్కారు పెట్టిన పేరు "ఆపరేషన్ డెమోలిషన్". ఇది కూడా ఒక ఆట పేరు మాదిరే ఉంటుంది. భూమి ఉన్నోళ్లకు ఎంతో కొంత పరిహారం రాసినారు. కూలి చేసుకునే మాలమాదిగలకు రాయడానికి ఏముంది?

అట్లాంటి కాలనీల్లోకి గద్దరన్న క్యాసెట్‌గా వచ్చినాడు. 1985 తరువాత ఆయన అజ్ఞాతంలో ఉండె, ఆట చూసే దారే లేదు. గొంతు మాత్రం టేప్‌రికార్డర్లో, తలుపు మూసి, సౌండు తగ్గించి. 1990 ఫిబ్రవరిలో, చెన్నారెడ్డి ప్రభుత్వం ఉండంగా, ఆయన హైదరాబాదు నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో బయటికి వచ్చినప్పుడు జనం లక్షల్లో చేరింది ఊరికే కాదు. ఐదేండ్లు గొంతు విన్నోళ్లు మనిషిని చూడ్డానికి పోయినారు. అభిమానం అంటే అది.

నేను చూసింది ఇంకా తరువాత. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటి మీదికి వచ్చి కాల్చినారు. తూటాల్లో ఒకటి ఒంట్లోనే ఉండిపోయింది. కాబట్టి మా తరం అభిమానులం చూసింది యాభై దాటిన మనిషిని. నంద్యాల వైపు ఒక కాలేజీ గ్రౌండులో ఆయన ఎగిరి గజ్జె మోగించినప్పుడల్లా నా పక్కనున్న పెద్దాయన "మెల్లగా నాయనా" అన్నాడు. పాట అయిపోయేదాకా అదే మాట. నాకు ఆ పొద్దు పాటలకంటే ఆయన మాటే ఎక్కువ గుర్తు.

ఇంక చేదు సంగతులు. తప్పెట వేదిక మీదికి ముందు వచ్చింది, కులం అనే మాట చానా లేటుగా వచ్చింది. "కూలీ, రైతు" అన్నారు గానీ "మాల, మాదిగ" అనడానికి 1985 జులై 17న కారంచేడు జరగాల్సి వచ్చింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దళిత మహాసభ కట్టినారు. గద్దరన్న కారంచేడు మీద పాట కట్టినాడు. అప్పుడు ఆయన మా మనిషి అయినాడు. దానికి ముందు మేం ఆయన మనుషులం మాత్రమే.

రెండోది, అభిమానం ఒక్క ముఖాన్నే చూస్తుంది. "మాభూమి" సినిమాలో ఆయన తెరమీద పాడిన పాట కట్టింది బండి యాదగిరి. జనం దాన్ని గద్దర్ పాటే అంటారు. వంగపండు, గూడ అంజయ్య రాసినవి కూడా చానామంది ఆయన ఖాతాలోనే వేసినారు. ఇక పక్కన తప్పెట కొట్టినోడి పేరు నాకూ తెలియదు, మీకూ తెలియదు. ఈ చరిత్ర రాసే పిల్లలుంటే ముందు ఆ పేర్లు వెతకండి. ముసలోళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు.

చివరి ఏండ్లలో ఆయన గుళ్లకు పోయినాడు, 2018లో మొదటిసారి ఓటు వేసినాడు, 2023లో సొంత పార్టీ అన్నాడు. మాలో మేం కొట్లాడుకున్నాం. కొందరు క్యాసెట్లు బయట పారేసినారు. నేను పారేయలేదు. కిస్ అభిమానులు కూడా రంగులు తీసేసిన ఏండ్లలో తిట్టుకున్నారంట. కాకపోతే వాళ్లు పోగొట్టుకునేది టికెట్ డబ్బులు. మేం ఆ పాట విని చదువులు వదిలినోళ్లను, అడవికి పోయి తిరిగి రానోళ్లను లెక్కేసుకుంటున్నాం. ఆ లెక్కతో అడిగే కోపానికి ఎవరు జవాబు చెప్తారు?

2023 ఆగస్టు 6న పోయినాడు. అల్వాల్లో తాను పెట్టిన మహాబోధి విద్యాలయంలో బౌద్ధ పద్ధతిలో ఖననం, చుట్టూ పోలీసుల గౌరవ వందనం. ఆ డిసెంబర్లోనే కిస్ న్యూయార్క్‌లో చివరి కచేరీ చేసి, ఇకమీదట కంప్యూటర్ బొమ్మలు మా బదులు ఆడతాయన్నారు. మన దగ్గర పని ఇంకో రకంగా జరిగింది. "ఒరేయ్ రిక్షా" పాటకు ఇచ్చిన నంది అవార్డును ఆయన వద్దన్నాడు. 2024లో తెలంగాణ సర్కారు నంది పేరు తీసేసి సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టింది.

వచ్చే భాగంలో అరుణోదయ, విమలక్క. జై భీమ్.