గోన బుద్ధారెడ్డి యుద్ధకాండము: రణభూమి చికిత్స

1914-18 మహాయుద్ధమున ఆంగ్లప్రభుత్వము చిత్రకారులను రణరంగమునకు బంపెను. వారిలో హెన్రీ టాంక్సు మొదట శస్త్రవైద్యుడు. 1918లో ఫ్రాన్సునందు క్షతగాత్రులకు కట్లు కట్టు శిబిరమును కన్నులార చూచి చిత్రించెను. తెలుగునాట కుంచెకు మాఱుగా ద్విపదతో నట్టి ఘట్టమును జూపినవాడు గోన బుద్ధారెడ్డి.

గోనవారు కాకతీయసామంతులు, వారి వర్ధమానపురము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. పదుమూడవ శతాబ్దివాడైన బుద్ధారెడ్డి తండ్రి విఠలుని కోరికపై రంగనాథరామాయణమును యుద్ధకాండాంతముగా రచించెను. కర్త రంగనాథుడను వారును గలరు గాని, అవతారిక బుద్ధారెడ్డి పేరే చెప్పుచున్నది.

ఈ ఘట్టమునకు మూలము వాల్మీకము. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రమునకు సేన కూలిన రాత్రి హనుమద్విభీషణులు కొఱవులు చేతబట్టి, పడినవారిలో బ్రతికియున్నవారిని వెదకుదురు. బాణహతుడై కన్నుగానని జాంబవంతుడు విభీషణుని కంఠధ్వనిచే గుర్తించి, హనుమంతుడు జీవించియున్నాడా యని యడుగును; నాల్గు ఓషధులను దెమ్మని పిదప హనుమంతునికి జెప్పును. వీనినన్నిటిని ‘సంజీవని’ యను నొక్కపేర గలిపివేయుట లోకపువాడుక. వ్యాకరణ మందుల కొప్పుకొనదు. విశల్యకరణి దేహమున నాటిన శల్యమును, అనగా బాణపు ములికిని, తొలగించునది. సంధానకరణి విఱిగినదానిని, తెగినదానిని అతుకునది. సావర్ణ్యకరణి మానిన గాయమునకు చర్మపు వన్నె తెచ్చునది. మృతసంజీవని యొక్కటే యద్భుతము. తక్కిన మూడును శస్త్రవైద్యుడు వరుసగా జేయు పనులే.

సుషేణుడును అట్టివాడే. లక్ష్మణుడు శక్తిచే గూలినపుడు ముందుగా రోగిని బరీక్షించును: ముఖము వన్నె తప్పలేదు, అరచేతులు ఎఱ్ఱగనే యున్నవి, గుండె కదలుచున్నది. పిదపనే ఓషధిని నూరి ముక్కున వేయును.

ఇది కేవల కవికల్పనము కాదు. సుశ్రుతసంహిత యుక్తసేనీయాధ్యాయము రాజశిబిరము చెంతనే వైద్యుడు సర్వోపకరణములతో నుండవలె ననును. శస్త్రములు, యంత్రములు, విషహరౌషధములు, తైలఘృతాదులు, వస్త్రములు చేతబట్టిన చికిత్సకులు సేనవెనుక నిలువవలెనని కౌటిల్యుడు విధించెను.

రావణుని పక్షమున నీతి వేఱు. హతులైన రాక్షసుల లెక్క తెలియరాదని వారిని సముద్రమున వేయించెను. ఓషధిగంధము సోకి వానరులు లేచిరి గాని, రాక్షసులలో లేచుట కెవ్వరును మిగులలేదు.

యోధకులజుడు గావున బుద్ధారెడ్డి కన్నదే వ్రాసెననుట సాహసము. కథ వాల్మీకిది, ఓషధికై పోవు హనుమంతుని నడ్డగించు కాలనేమి మాత్రము వాల్మీకమున లేనివాడు. బుద్ధారెడ్డి యెన్నుకొన్నది ద్విపద. అది పాడుకొన ననువైనది గావున సంస్కృత మెఱుగని బంటునకును ఈ కథ చెవిసోకెను. తోలుబొమ్మలాటవారు ఈ కావ్యము నాధారముగా గొని, కొండను మోయు హనుమంతుని దీపపువెలుగున తెరపై నిలిపిరి.